సికింద్రాబాద్ పరిసరాల ద్రాక్ష, ముదురు తోటల రెడ్ వైన్

గోల్కొండ సీమకు ద్రాక్ష కొత్త పంట కాదు. 1666-67లో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో భాగ్‌నగర్ (నేటి హైదరాబాద్) దగ్గర ద్రాక్ష విస్తారంగా ఉందనీ, జనవరి మొదలు ఏప్రిల్ దాకా పండ్లు కోస్తారనీ, వాటితో తెల్ల వైన్ చేస్తారనీ రాశాడు. సికిందర్ జా పేర సికింద్రాబాద్ వెలసింది 1806లో, అంటే ఆ తర్వాత ఎంతో కాలానికి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ ఇరవయ్యో శతాబ్దంలో జంటనగరాల శివార్లను పందిళ్లతో నింపింది. ఇంత అనుభవం ఉన్న నేలలో ఫ్రాన్సులోలాగా ముదురు తోటల రెడ్ వైన్ ఎందుకు పుట్టలేదు? మన ఎండలే కారణమని చెప్పడం తేలిక. కానీ ఆధారాలు చూస్తే ఎండకంటే మనం ఎంచుకున్న రకం, ఆశించిన దిగుబడి పెద్ద కారణాలుగా కనిపిస్తాయి.

రెడ్ వైన్‌కు రంగు రసం నుంచి రాదు, నల్ల ద్రాక్ష తొక్క నుంచి వస్తుంది. అనాబ్-ఎ-షాహీ తెల్ల రకం, గింజ ఉన్న పెద్ద పండు, నేరుగా తినడానికి పుట్టింది. హెక్టారుకు 30 టన్నులు దాటి కాస్తుంది కానీ రసంలో చక్కెర 14 నుంచి 16 శాతమే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తేనే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది కాబట్టి, ఈ పండు తొమ్మిది శాతం దగ్గరే ఆగిపోతుంది. నిలవ ఉండాలంటే పైనుంచి చక్కెరో స్పిరిటో చేర్చాలి. జంటనగరాలు ఎరిగిన గోల్కొండ రూబీ కూడా పోర్టు తరహా తియ్యటి వైనే. ఫ్రాన్సులో ముదురు తోట దారి వేరు. అక్కడ నలభై యాభై ఏళ్ల తీగ వేరు లోతుకు దిగి, హెక్టారుకు నాలుగైదు టన్నులే కాస్తుంది. గుత్తులు తక్కువైనకొద్దీ పండులో చక్కెర, తొక్కలో రంగు, వగరు చిక్కబడతాయి. చేత్తో కోసి, కాడలు తీసి, తొక్కలతో సహా తొట్లలో 25-30 డిగ్రీల వేడిలో రెండు మూడు వారాలు పులియబెడతారు. సేంద్రియ తోటల్లో చాలామంది పండు మీదుండే ఈస్టునే నమ్ముకుంటారు. తర్వాత పిండి, పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. ఆ మధ్యలో బాక్టీరియా పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది.

దక్కనులో తీగకు శీతాకాలపు నిద్ర ఉండదు, ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కత్తిరించాలి, అందుకే తోట త్వరగా అలిసిపోతుందని ఒక అభ్యంతరం. ఇది నిజమే, దీన్ని కొట్టిపారేయలేం. అయితే అలసటలో కొంత వాటా మనం మోయించిన పంటది. బెంగళూరు దగ్గర నంది కొండల్లోనూ, నాసిక్‌లోనూ ఇదే రెండు కత్తిరింపుల పద్ధతిలో కాబెర్నే సోవిన్యోఁ, షిరాజ్ లాంటి నల్ల రకాలతో పొడి (తీపి లేని) రెడ్ వైన్ చేస్తున్నారు. తేమలో బూజు తెగులు వస్తుంది, మందు లేకుండా సాగు, అంటే సేంద్రియ సాగు, అసాధ్యమన్నది మరో అభ్యంతరం. సేంద్రియమంటే మందే కొట్టకపోవడం కాదు. మన రైతులకు చిరపరిచితమైన బోర్డో మిశ్రమం పుట్టింది 1880లలో ఫ్రాన్సులోని బోర్డో తోటల్లోనే, ఈ తెగులు కోసమే. ఐరోపా సేంద్రియ నియమాలు నేటికీ రాగిని అనుమతిస్తాయి, ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు మించకుండా. 2012 నుంచి అమల్లో ఉన్న సేంద్రియ వైన్ నియమం ప్రకారం పొడి రెడ్ వైన్‌లో సల్ఫైట్లు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలు పొడి రెడ్ వైన్‌కు ఆ పరిమితి 150.

నగర శివార్లలో మిగిలిన అడ్డంకి భూమి ధర. ప్లాట్లుగా అమ్ముడుపోయే నేలలో నలభై ఏళ్లు ఓపిక పట్టమని ఏ రైతునూ అడగలేం. కొనేవారికి మాత్రం ఒక మాట: ఫ్రెంచి సీసా మీద ‘వియెయ్ విఞ్’ (ముదురు తీగలు) అన్న మాటకు చట్టం ఏ వయసూ నిర్ణయించలేదు. తీగ నాటిన సంవత్సరం చెప్పగల తోట వైన్‌నే నమ్మండి.