నడివీధిలో బస్సుబాట

పట్టణములో రద్దీగా ఉండే వీధి ప్రక్కన సాయంకాలము ఆరు గంటలకు నిలబడి చూచినవారికి ఒక సంగతి వింతగా తోచును. వీధి నిండా వాహనాలే. కాని వాటిలో ఉన్న మనుష్యులు అంత ఎక్కువమంది కారు. ఒక వరుసలో గంటకు 1,800 కార్లు పోగలవనుకొందాము. కారుకు ఒకటిన్నర మనిషి చొప్పున లెక్కవేస్తే 2,700 మంది. అదే వరుసను బస్సులకు విడిచిపెట్టి, నిమిషానికొకటి చొప్పున, 60 మంది కూర్చున్న బస్సును నడిపితే 3,600 మంది పోవుదురు. అయితే ఒక బస్సుకూ మరొక బస్సుకూ నడుమ ఆ బాట బోసిగా కనబడును! ఈ బోసితనమే ఒక మహానగరములో పెద్ద తగవుకు దారితీసినది. ఆ కథకు తరువాత వద్దాము.

బస్సులకు ప్రత్యేకమైన బాట వేసి, దానిని అనుసరించి నగరాన్నే తీర్చిదిద్దిన ఖ్యాతి బ్రెజిల్ దేశములోని కురితీబాకు దక్కినది. అక్కడ 1965లో నగర ప్రణాళిక కొరకు ఒక సంస్థ ఏర్పడినది. ఆ పనిలో పాల్గొన్న జైమీ లెర్నర్ అనే వాస్తుశిల్పి 1971లో మేయరయినాడు. వీధిని వెడల్పు చేయాలంటే ఇరువైపులా ఇళ్లు కూల్చవలెను. అందుకు బదులు, ప్రక్కప్రక్కన ఉన్న మూడు వీధులను కలిపి ఒకే మార్గముగా భావించారు. నడిమి వీధి మధ్యలో బస్సులు, వాటికి అటూ ఇటూ నెమ్మదిగా పోయే స్థానిక వాహనాలు. ప్రక్క వీధులలో ఒకటి నగరములోనికి, మరొకటి వెలుపలికి, దూరము పోయే బండ్లకు. 1974లో మొదటి బస్సులు ఈ బాటపై నడిచినవి.

కాని బాట వేసినంత మాత్రాన పని తీరలేదు. బస్సు స్టాపులో ఎంతసేపు ఆగుననునది అసలు చిక్కు. ఒకే తలుపు గల బస్సులోనికి 20 మంది మెట్లెక్కి, డబ్బిచ్చి, చిల్లర పుచ్చుకొని ప్రవేశించడానికి మనిషికి 3 సెకండ్ల చొప్పున 60 సెకండ్లు పట్టును. బస్సు వచ్చి ఆగి, కదలిపోవడానికి మరి 15 సెకండ్లు కలుపుదాము. 75 సెకండ్లకు ఒక బస్సు, అనగా గంటకు 48 బస్సులు. స్టాపు అరుగును బస్సు నేలతో సమానమైన ఎత్తున కట్టి, టిక్కెట్టు ముందే ఇచ్చి, నాలుగు వెడల్పయిన తలుపులు తెరిస్తే? మనిషికి ఒక్క సెకండు. నాలుగు తలుపులలో 20 మంది 5 సెకండ్లలో ఎక్కుదురు. వెనుకటి 15 కలిపితే 20 సెకండ్లు. అదే స్టాపు గంటకు 180 బస్సులను పంపగలదు! బస్సులు సరిగా గడియారము ప్రకారము రావు గనుక ఆచరణలో ఇందులో కొంతభాగమే దక్కును. అయినా తేడా తేడాయే. కురితీబావారు 1991లో గొట్టము ఆకారముగల స్టాపులను నిర్మించినది ఇందుకే. మరుసటి సంవత్సరము, సుమారు 25 మీటర్ల పొడవుండి 270 మందిని మోసే మూడు భాగాల బస్సులు వచ్చినవి.

కొలంబియా రాజధాని బొగోటాలో పరీక్ష మరింత కఠినమైనది. అక్కడి కరాకస్ అవెన్యూ మీద బస్సులకు విడి వరుసలు అంతకుముందే ఉండేవి. కాని బస్సులు ఒకదానినొకటి ఒరుసుకొంటూ, పొగ క్రక్కుతూ బారులు తీరేవి. కారణము జీతములో ఉన్నది. ఎక్కిన ప్రయాణికుల సంఖ్యను బట్టి డ్రైవరుకు రాబడి. ముందు బస్సును దాటి, తరువాతి స్టాపులోని జనాన్ని ఎత్తుకొనిపోవడమే అతని బ్రదుకుతెరువు. ఆ ఊరివారు దీనికి పెట్టిన పేరు 'పైసా యుద్ధము' అన్న అర్థమిచ్చును. మేయరు ఎన్రికే పెన్యలోసా కాలములో, 2000 డిసెంబరులో ఆరంభమయిన ట్రాన్స్‌మిలేనియో వీధి నడుమ మూసిన స్టేషన్లు కట్టినది. ఒక్కొక్క దిశకు రెండేసి వరుసలు వేసి, ఆగని బస్సు ఆగిన బస్సును దాటిపోయే వీలు కల్పించినది. అంతకంటె ముఖ్యముగా, బస్సు నడిపే కంపెనీలకు కిలోమీటర్లను బట్టి సొమ్ము చెల్లించసాగినది. యుద్ధము ఆగినది. ఒక దిశలో గంటకు 40,000 మందికి పైగా ప్రయాణించసాగారు. రైలుకు మాత్రమే సాధ్యమని ఇంజనీర్లు తలచిన సంఖ్య అది. ఆ విజయము క్రమేణా క్రిక్కిరిసినది కూడా. 2012లో ప్రయాణికులు కోపించి స్టేషన్ల వద్ద అల్లర్లు చేశారు. నగరపు మొదటి మెట్రో రైలు మార్గములో కొంతభాగాన్ని ఇదే వీధి మీద ఎత్తున కట్ట తలపెట్టారు.

ఇక ఢిల్లీ. అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల బాటను 2008 ఏప్రిల్‌లో తెరిచారు. బస్సులు వీధి నడుమ, కార్లు ప్రక్కన, సైకిళ్లకూ పాదచారులకూ వేరే దారులు. ఆలోచన మంచిదే. అయితే మన దేశములో బండ్లు ఎడమవైపున నడుచును గనుక, కుడికి తిరిగే ప్రతి వాహనమూ నడుమనున్న బస్సుబాటను దాటి తీరవలెను. అందుకని సిగ్నలులో వేరుగా ఒక వంతు కేటాయించవలసి వచ్చినది. వంతులు పెరిగినకొద్దీ ఒక్కొక్కరి నిరీక్షణ పెరుగును. చిరాగ్ ఢిల్లీ కూడలిలో కార్ల బారు సాగిపోయినది. పైగా టిక్కెట్లు బస్సులోనే, ఏ బస్సయినా ఆ బాటలో ప్రవేశించవచ్చును. అనగా కురితీబా నుండి బాటను తెచ్చుకొన్నారు గాని స్టాపును తెచ్చుకోలేదు.

కారులో చిక్కుకొన్నవారికి ప్రక్కన బోసిగా కనబడే బాట కంటగింపయినది. వ్యాజ్యము పడినది, 2012లో ఢిల్లీ హైకోర్టు బాటను రద్దుచేయ నిరాకరించినది. అయినను ప్రభుత్వము 2015లో దానిని తీసివేయ నిశ్చయించి, మరుసటి సంవత్సరము తొలగించినది. లోపాలున్న మాట నిజమే. కాని బస్సులోని మనుష్యులను లెక్కించకుండా బండ్లను మాత్రమే చూచి తీర్పు చెప్పినవారే ఎక్కువని నా అభిప్రాయము.

అహమ్మదాబాదు 2009 అక్టోబరులో, కొంత విశాలమైన వీధులలో 12.5 కిలోమీటర్లతో మొదలుపెట్టినది. మూసిన స్టేషన్లు, ముందే టిక్కెట్టు. ఆ బాట నిలిచినది. మన విజయవాడలో కూడా 'బి.ఆర్.టి.ఎస్. రోడ్డు' అన్న పేరు ఆటోవారి నోట స్థిరపడినది. ఉపాధ్యాయులు వీలయితే విద్యార్థులను ఒక గంటసేపు అటువంటి వీధి ప్రక్కన నిలబెట్టి, కొందరిచేత బండ్లను, కొందరిచేత మనుష్యులను లెక్కపెట్టించవచ్చును. రెండు కాగితాలూ ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు పిల్లలు వేసే ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లవలెను.