అలిపిరి దారిలో పరిశోధనా ప్రణాళిక: మండ్రగబ్బ నుంచి సమ్మతిపత్రం దాకా

శేషాచలం కొండల అడుగున, తిరుమల మెట్లదారి మొదలయ్యే అలిపిరికి తిరుపతి ఊరి నుంచి వెళ్లే రోడ్డు పక్కనే శ్రీ వెంకటేశ్వర వైద్య కళాశాల, దానికి బోధనాసుపత్రిగా ఉన్న రుయా, తిరుమల తిరుపతి దేవస్థానం ఆదరణతో నెలకొన్న వైద్యసంస్థ స్విమ్స్ వరుసగా కనిపిస్తాయి. అవే కొండల నీడలో, కాస్త ఎడంగా, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. ప్రాణిశరీరాన్ని, రోగాన్ని విషయంగా తీసుకుని డాక్టరేటు చేయదలచిన విద్యార్థి పని మొదలుపెట్టక ముందే దేనిని తేల్చుకోవాలన్న సంగతి ఈ కొద్దిపాటి మేరలోనే డెబ్బై ఏళ్లలో ఎంతగా మారిందో గమనిస్తే, జీవవైద్య పరిశోధన చరిత్రలో సిద్ధాంతవ్యాసాల కన్నా వాటికి ముందు వేసుకున్న ప్రణాళికలే ఎక్కువ విషయం చెబుతాయనిపిస్తుంది.

విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. తొలి దశాబ్దాల్లో పరిశోధనాంశం చాలావరకు గైడు ఆసక్తిని బట్టి, ప్రయోగశాలలో ఉన్న పరికరాలను బట్టి, చుట్టుపక్కల దొరికే ప్రాణిని బట్టి ఖాయమయ్యేది. దీనికి జంతుశాస్త్ర విభాగంలో శరీరధర్మ పరిశోధనకు పునాది వేసిన కె. పంపాపతిరావు కృషి మంచి ఉదాహరణ. ఆయన తిరుపతికి రాకముందు అమెరికా పశ్చిమ తీరంలో ఆల్చిప్పలు నీటిని తోడే వేగం అక్షాంశంతోనూ, సముద్రపు ఆటుపోట్లతోనూ ఎలా మారుతుందో పరిశీలించి, 1953, 1954 సంవత్సరాల్లో ఆ ఫలితాలను ప్రకటించారు. తిరుపతిలో సముద్రం లేదు, ఆటుపోట్లు లేవు. అయితే రాళ్లకింద, బొరియల్లో పగలంతా దాగి చీకటి పడ్డాక బయటికి వచ్చే పెద్ద నల్లతేలు, అంటే మండ్రగబ్బ, ఉంది. జీవి లోపలి లయ అన్న ప్రశ్న ఇక్కడ సముద్రాన్ని వదిలి రాతినేలకు చేరింది. ఆయన, ఆయన శిష్యులు ఆ తేలు కదలికల్లోని రేయింబవళ్ల తేడాను, దాని కండరాల్లోనూ నాడీతంతువుల్లోనూ ఎంజైముల చురుకుదనం, అంటే శరీరంలోని రసాయన చర్యలను వేగపరిచే ప్రోటీన్ల పని, గడియగడియకూ మారే తీరును కొలిచారు. రోజువారీ జీవలయకు 1959లోనే శాస్త్రీయనామం ఏర్పడిందనీ, జీవగడియారాలపై ప్రసిద్ధమైన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు 1960లో జరిగిందనీ గుర్తుంచుకుంటే, 1960ల నాటి ఈ తిరుపతి కృషి ఎంత కొత్త శాస్త్రంలో పాలుపంచుకుందో తెలుస్తుంది.

ఆ కృషిలో ప్రణాళికకు సంబంధించిన పాఠం ఒకటి ఉంది, దానికి రావలసినంత గుర్తింపు రాలేదు. ఒక ఎంజైము చురుకుదనం ఉదయం ఒకలా, రాత్రి మరోలా ఉంటే, ఒక గుంపు ప్రాణుల నమూనాను పొద్దున్నే తీసి ఇంకో గుంపు నమూనాను సాయంత్రం తీసిన విద్యార్థికి కనిపించే తేడా మందు వల్ల వచ్చిందో, వేళ వల్ల వచ్చిందో ఎన్నటికీ తేలదు. మనిషి రక్తంలోని కార్టిసాల్ హార్మోను తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గుతుంది కనుక ఆసుపత్రి పరిశోధనకూ ఇదే నియమం వర్తిస్తుంది. నమూనా తీసే వేళను ముందే రాసిపెట్టుకోని ప్రణాళిక ఫలితాలను ఏ గణాంకశాస్త్రమూ తరువాత కాపాడలేదు.

ప్రశ్న కన్నా ముందు కొలమానాన్ని స్థిరపరచుకోవడమనే పద్ధతికి తెలుగువారిలో ఘనమైన పూర్వోదాహరణ జీవరసాయనవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. 1923లో బోస్టన్ చేరిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాల్లోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి లెక్కగట్టే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి చేతిలో ఉండడం వల్లనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటపడ్డాయి. ఆయనకు హార్వర్డు డాక్టరేటు ఆ తరువాతే, 1930లో వచ్చింది.

మళ్లీ తిరుపతికి వస్తే, అక్కడి వైద్య కళాశాల 1960లో మొదలైంది. స్విమ్స్ 1993లో పనిచేయడం ఆరంభించి, 1995లో రాష్ట్ర శాసనం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందింది. దీంతో అలిపిరి దారిలో పరిశోధనకు విషయం తేలు మాత్రమే కాదు, మంచంమీది రోగి కూడా. మనుషులపై పరిశోధనకు పాటించవలసిన నైతిక సూత్రాలను భారత వైద్య పరిశోధన మండలి తొలిసారి 1980లో వెలువరించి, 2000, 2006, 2017 సంవత్సరాల్లో విస్తరించింది. వాటి ప్రకారం సినాప్సిస్, అంటే పరిశోధన ఎందుకు, ఎవరి మీద, ఏ పద్ధతిలో జరుగుతుందో తెలిపే ముందస్తు పత్రం, ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందాకే మొదటి రోగిని చేర్చుకోవాలి. రోగికి తన భాషలో విషయం చెప్పి, కాదనే హక్కు ఉందని తెలియజేసి సమ్మతి తీసుకోవాలి. సరిహద్దు అవతల నుంచి తమిళులు కూడా వైద్యానికి వచ్చే తిరుపతిలో సమ్మతిపత్రం తెలుగులో ఉంటే చాలదు. దీన్ని కాగితాల భారమని తీసిపారేయడం సరికాదు, ఎందుకంటే జబ్బుతో వచ్చినవాడు వైద్యుడికి ఎదురుచెప్పలేని స్థితిలో ఉంటాడు, ఆ స్థితిలో అతనికి ఉన్న రక్ష ఈ పత్రమే.

ఎంతమందిని చేర్చుకోవాలన్నది కూడా ఇప్పుడు ముందే లెక్కగట్టవలసిన విషయం. రెండు గుంపుల సగటుల మధ్య, సహజంగా ఉండే చెదురులో (ప్రామాణిక విచలనంలో) సగమంత తేడా నిజంగా ఉన్నప్పుడు దాన్ని 80 శాతం సందర్భాల్లో పట్టుకోవాలనీ, లేని తేడాను ఉన్నదని భ్రమపడే అవకాశాన్ని 5 శాతానికి పరిమితం చేయాలనీ అనుకుంటే, గుంపుకు సుమారు 63 మంది కావాలి. దూరప్రాంతాల రోగుల్లో ఐదోవంతు మంది మళ్లీ పరీక్షకు రారనుకుంటే 79 మందిని చేర్చుకోవాలి. అంతమంది ఆ జబ్బుతో ఆ ఆసుపత్రికి మూడేళ్లలో వస్తారా అన్నది పాత రిజిస్టర్లు తిరగేసి చూడనిదే తెలియదు, ప్రణాళికలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలతో ప్రవేశపరీక్షను, కోర్సువర్కును తప్పనిసరి చేసింది, 2016లో కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్లు అని గడువు పెట్టింది. ఇంతకన్నా లోతైన మార్పు 2007లో ప్రారంభమైన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ తెచ్చింది: 2018 ఏప్రిల్ 1 నుంచి అది రోగులను చేర్చుకోకముందు నమోదైన చికిత్సా పరీక్షలనే స్వీకరిస్తున్నది. అందువల్ల చికిత్సలను పోల్చే పరిశోధనలో ఏ ఫలితాన్ని ప్రధానంగా కొలుస్తారో ముందుగానే బహిరంగంగా రాసి ఉంటుంది. మధ్యలో దాన్ని మార్చుకుంటే ఆ మార్పు కూడా ఎవరైనా చూడగలిగేలా ఆ నమోదులోనే నిలిచిపోతుంది.