పిల్లలకు పియానో: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి, ఏమేం కావాలి

ఈమధ్య బడికి వచ్చే తల్లిదండ్రులు మార్కుల సంగతి అయ్యాక అడిగేది ఒకటుంది: "సార్, మా పాప పియానో నేర్చుకుంటానంటోంది, కీబోర్డు కొనమంటారా?" దీనికి ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పలేం. వేలకు వేలు పోసి కొన్న వాయిద్యం నాలుగో నెలకు బీరువా మీదికెక్కిన ఇళ్ళూ ఉన్నాయి, తాతగారి పాత హార్మోనియం మీద మొదలుపెట్టి చక్కగా వాయిస్తున్న పిల్లలూ ఉన్నారు. అందుకే తెలుసుకోవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. పదిహేను నిమిషాలు ఒక చోట కుదురుగా కూర్చోగలిగితే చాలు. మామూలుగా ఆరేడేళ్ళకు ఆ కుదురు వస్తుంది. అంతకంటే చిన్నవాళ్ళకు పాట, చప్పట్లు, తాళం నేర్పండి. అది కూడా సంగీతమే.

పూర్తి పియానోకు 88 మెట్లు ఉంటాయి, 52 తెల్లవి, 36 నల్లవి. మొదటి ఏడాదికి అన్నీ అక్కర్లేదు, 61 మెట్ల కీబోర్డు సరిపోతుంది. కానీ కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, మెట్లు మామూలు వెడల్పులో ఉండాలి. బొమ్మల దుకాణంలో దొరికే చిన్న మెట్లవి కొంటే వేళ్ళు తప్పుడు దూరానికి అలవాటుపడతాయి. రెండు, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. పియానో పుట్టిందే ఆ గుణం కోసం. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫొరి తయారుచేసిన ఈ వాయిద్యానికి పేరు కూడా 'మెల్లగా, గట్టిగా' అనే ఇటాలియన్ మాటల నుంచే వచ్చింది. నిజం కట్టె పియానో కొనాలనుకునేవారికి ఒక మాట. మన చెన్నై గాలిలో తేమ ఎక్కువ. కట్టె ఉబ్బుతుంది, శ్రుతి తప్పుతుంది. శ్రుతి చేయించే ఖర్చు ఏటేటా ఉంటుందని ముందే లెక్కవేసుకోండి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి హెడ్‌ఫోన్ పెట్టుకునే డిజిటల్ రకమే మేలు, పక్కింటివాళ్ళతో పేచీ ఉండదు.

కొనేముందు ఒక నెల కాగితం కీబోర్డు మీద నేర్పి చూడండి. నవ్వకండి, పనిచేస్తుంది. ఒక స్థాయికి ఏడు తెల్ల మెట్లు, వెడల్పు పదహారున్నర సెంటీమీటర్లు. ఏ3 చార్టు మీద రెండు స్థాయిలు హాయిగా పడతాయి. నల్ల మెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా గీయండి. పిల్లలు మొదట గుర్తుపట్టవలసింది ఈ గుంపులనే. రెండు నల్ల మెట్ల గుంపుకు ఎడమపక్కనే ఉన్న తెల్ల మెట్టు 'సి'. అది దొరికితే మిగతావన్నీ దొరుకుతాయి. వేళ్ళకు అంకెలు కూడా ఇప్పుడే నేర్పాలి: రెండు చేతులకూ బొటనవేలు 1, చిటికెనవేలు 5. ఆ నెల రోజులూ రోజూ కూర్చుంటే అప్పుడు కొనండి.

మన పిల్లలకు ఉన్న ఒక సౌకర్యాన్ని చాలామంది టీచర్లు వాడుకోవడం లేదు. ఇంట్లో అమ్మో అమ్మమ్మో సరిగమలు పాడిన పిల్లలకు సగం పాఠం ముందే వచ్చినట్టు. 'సి'ని షడ్జమం అనుకుని తెల్ల మెట్లన్నీ వరుసగా వాయిస్తే అది శంకరాభరణం. సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళ కావాలంటే రి, ద మాత్రం నల్ల మెట్ల మీదికి వెళతాయి: రెండు గుంపులో మొదటిది, మూడు గుంపులో నడిమిది. నెల తిరక్కుండా పిల్లలు ఈ తేడా చెవితో పట్టేస్తారు. లయకు కూడా అంతే. ఒక దెబ్బకు 'త', దాన్ని రెండు చేస్తే 'తక', నాలుగు చేస్తే 'తకధిమి', మూడు చేస్తే 'తకిట'. నోటితో అనిపించి, చేత్తో కొట్టించి, ఆ తర్వాతే మెట్ల మీదికి తీసుకురావాలి. భిన్నాలు రాని పిల్లలకు లెక్కల టీచర్ చేసే పని కూడా కొంత ఇక్కడే అయిపోతుంది!

అసలు ఈ కలయిక మన ఊళ్ళోనే మొదలైందని పిల్లలకు చెప్పండి. ముత్తుస్వామి దీక్షితర్ (1775-1835) కుటుంబం కొంతకాలం మణలిలో ఉన్నప్పుడు సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు విన్నారు. ఆ బాణీలకు దీక్షితర్ సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అవే నొట్టుస్వరాలు. 'శ్యామలే మీనాక్షి' అన్నది మన ఎల్.కే.జీ. పిల్లలు పాడే 'ట్వింకిల్ ట్వింకిల్' బాణీయే. ఆయన తమ్ముడు బాలుస్వామి ఇక్కడే వయొలిన్ నేర్చుకున్నారు. ఆ ఇంటివారైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలోనే ఉంది. తమిళనాట పుట్టిన ఆ పెద్ద పుస్తకాన్ని మూలంలో చదవాలంటే తెలుగు అక్షరాలు రావాలి. "ఈ ఊళ్ళో తెలుగు చదివి ఏం లాభం సార్" అనేవారికి నేను చూపించే పుస్తకాల్లో ఇదొకటి.

వాయించడానికి ఒక చిన్న హెచ్చరిక. ట్వింకిల్ బాణీకి ఆరు స్వరాలు కావాలి, చేతికి ఉన్నవి ఐదు వేళ్ళు. కాబట్టి అది మొట్టమొదటి పాట కాదు. బేథోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఆనందగీతం మొదటి వరుస ఐదు వేళ్ళ కింద సరిగ్గా ఇమిడిపోతుంది, దానితో మొదలుపెట్టండి.

పుస్తకాలకు కొదవ లేదు. జాన్ థాంప్సన్, ఆల్ఫ్రెడ్, ఫేబర్ పాఠ్యపుస్తకాల్లో ఏదో ఒకటి, టీచర్ వాడేది కొనండి. మూడూ కొనకండి. కాస్త వచ్చాక బార్టోక్ 'మైక్రోకాస్మోస్' మంచిది: ఆరు భాగాలు, 153 చిన్న రచనలు, మొదటివి చాలా తేలిక. షూమన్ 1848లో పిల్లల కోసం రాసిన ఆల్బం, బుర్గ్‌ముల్లర్ ఇరవై ఐదు అభ్యాసాలు పాతవి కాబట్టి ఐ.ఎం.ఎస్.ఎల్.పి. సైటులో ఉచితంగా దొరుకుతాయి. కొత్త పుస్తకాలు మాత్రం జిరాక్స్ తీయకండి, అది తప్పు.

నేర్చుకునే చోట్లకు వస్తే, అన్నా సాలైలోని మ్యూసీ మ్యూజికల్ 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైన దుకాణం, వాయిద్యాలతో పాటు తరగతులూ ఉన్నాయి. ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఇంకొకటి. (రెహమాన్ కుర్రవాడిగా మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే.) ఇంటి దగ్గరి టీచర్ అయినా సరే, ఒక పాఠం మీరు పక్కన కూర్చుని చూడండి. టీచరే ఎక్కువసేపు వాయిస్తుంటే ఇంకొకరిని వెతకండి.

పరీక్షల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలు మంచివే. ఇనీషియల్ తర్వాత ఒకటి నుంచి ఎనిమిది గ్రేడులు, నూటికి 60 పాస్, 87 దాటితే డిస్టింక్షన్. కానీ మొదటి ఏడాదే పరీక్ష పెట్టించి, ఏడాదంతా మూడే మూడు పాటలు రుద్దించడం సంగీతం కాదు, బట్టీ. లిడియన్ నాదస్వరం 2019లో పదమూడేళ్ళకు అమెరికా టీవీ పోటీలో పది లక్షల డాలర్లు గెలిచాడు, మన చెన్నై కుర్రవాడే, సంతోషం. అతన్ని చూపించి మీ పిల్లల్ని తిట్టకండి. తొమ్మిదో తరగతి రాగానే "ఇక చదువు ముఖ్యం" అని ఆపించేయకండి కూడా. వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు చాలు, అదేమీ పబ్లిక్ పరీక్షను మింగేయదు.

ఇంట్లో కూర్చునే తీరు ఒకటి మరిచిపోతారు. మోచెయ్యి మెట్ల ఎత్తుకు ఉండాలి, పాదాలు వేలాడకూడదు. కాళ్ళ కింద పీట వేయండి.

కాగితం కీబోర్డు కొలతలతో గీసిన నమూనా బడి ఆఫీసులో ఉంది. ఏ తరగతి పిల్లలైనా వచ్చి చార్టు మీద దించుకోవచ్చు. స్కేలు, పెన్సిలు మీరే తెచ్చుకోవాలి.