మల్బరీలో లకారం ఎక్కడిది?

హిందూపురం, మడకశిర పల్లెల్లో పట్టురైతు నోట ‘మల్బరీ తోట’ ఎంత సహజంగా పలుకుతుందో! ఆ మాట మాత్రం చాలా దూరం నడిచి వచ్చింది. లాటిన్‌లో పండు ‘మోరుమ్’, చెట్టు ‘మోరుస్’. పాత జర్మన్‌వాళ్లు దానికి తమ ‘బెరి’ని తగిలించి ‘మోర్‌బెరి’ అన్నారు. ఒకే మాటలో రెండు రకారాలు నాలుకకు బరువు. మొదటిది మెల్లగా లకారమైంది. ఇంగ్లీషు ‘మల్బరీ’ అలా స్థిరపడింది. పాత రకారం శాస్త్రనామాల్లో భద్రంగా ఉంది: మల్బరీ ఆకు తినే పట్టుపురుగు పేరు ‘బాంబిక్స్ మోరి’.

తెలుగులో మల్బరీని కంబళి చెట్టు అనేవారు. ఇంత చక్కని పేరు నిఘంటువులకే పరిమితం కావడం నాకు బాధే.

‘తెల్ల మల్బరీ’ అన్నది పండు రంగు కాదు, మొగ్గల రంగు. దాని పండ్లు తెల్లగానే కాదు, గులాబీగానూ, నల్లగానూ ఉంటాయి. నల్ల మల్బరీది పశ్చిమాసియా, ఎర్రదానిది ఉత్తర అమెరికా. మన తోటల్లో మైసూరులోని పట్టు పరిశోధన కేంద్రం ఇచ్చిన వి-1 రకం ఎక్కువ. ఆకు పురుగుకు, మిగిలిన రెమ్మలు పశువులకు, పొయ్యికి. సాగే గుణమున్న కర్రతో హాకీ కర్రలు చేస్తారు.

ఇంగ్లీషులో ‘ఇండియన్ మల్బరీ’ అంటే మన తొగరు చెట్టు. పండు బుడిపెలు చూసి పెట్టిన పేరది. కుటుంబమే వేరు, దాని ఆకు పట్టుపురుగుకు పనికిరాదు. తొగరు గొప్పంతా వేరులోనే: నూలుకు ఎర్రరంగు అద్దింది అదే.