1946–51 నల్గొండ: సైనిక వ్యూహాలు, భూమి సమస్య

హైదరాబాదు సంస్థానపు చివరి రోజులను గురించి ఉర్దూలోను, తెలుగులోను చాలా వ్రాయబడింది. ఆ రెండు భాషల రచనలను ప్రక్కప్రక్కన ఉంచి చదివిన వారికి, అవి ఒకే దేశాన్ని గురించి వ్రాసినవేనా అన్న సందేహం కలుగక మానదు. ఉర్దూ రచయితలలో పలువురు 1948 సెప్టెంబరును 'సుకూతె హైదరాబాద్' అన్నారు, అనగా హైదరాబాదు పతనం. తెలుగువారిలో కొందరు దానినే విమోచన మన్నారు, మరికొందరు విలీన మన్నారు. ప్రభుత్వం మాత్రం ట్యాంకులతో, విమానాలతో జరిపిన ఆ దండయాత్రకు 'పోలీసు చర్య' అని పేరు పెట్టింది. ఈ పేర్లన్నీ రాజధానిని, సింహాసనాన్ని దృష్టిలో ఉంచుకొని పెట్టినవే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతుకు ఆ ఐదేండ్లలో ఎదురైన ప్రశ్న వేరు. దున్నుతున్న భూమి ఎవరిది అన్నదే ఆ ప్రశ్న. ఈ ప్రాంతాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి వరుసగా వేసిన పథకాలను పరిశీలిస్తే, ఏ పథకం ఎందుకు విఫలమైందో, ఏది ఎంతవరకు ఫలించిందో ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

ప్రాంతము, దాని స్థితి

నల్గొండ జిల్లా ఆనాడు సంస్థానానికి తూర్పు సరిహద్దు. కోదాడ దాటితే మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. మిర్యాలగూడకు దక్షిణాన కృష్ణానది, ఆవలి ఒడ్డున గుంటూరు జిల్లాలోని పల్నాడు. కోదాడకు, సూర్యాపేటకు నడుమనున్న మునగాల పరగణా మరింత విచిత్రమైనది. చుట్టూ నిజాం రాజ్యముండగా అదొక్కటి కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా పనిచేసిన సంస్థాన మదే. నిజాం పోలీసులకు అధికారం లేని ఈ గడ్డ, సరిహద్దుకు ఆవలి గ్రామాలు, తరువాతి ఉద్యమానికి ఆశ్రయములయ్యాయి.

సంస్థానపు భూమిలో సుమారు 60 శాతం దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్. దివానీ ప్రాంతంలో కూడా దేశ్‌ముఖుల పెత్తనమే సాగింది. సూర్యాపేట తాలూకాలోని ఎర్రపాడు దేశ్‌ముఖు చేతిలో లక్షన్నర ఎకరాలుండెనని పుచ్చలపల్లి సుందరయ్య గారు వ్రాశారు. వెట్టి, నాగులు, అక్రమ బేదఖళ్ళు గ్రామ జీవితాన్ని పిండివేసేవి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తరువాత 'సంగం' ఊరూరా వ్యాపించింది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖు మనుషుల తుపాకీ గుండ్లకు బలికావడంతో అది తిరుగుబాటుగా మారింది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. కొమరయ్యకు ఆరేండ్ల ముందే, 1940లో, అదే విసునూరు దేశ్‌ముఖుతో భూమి కోసం న్యాయస్థానాలలో పోరాడిన రైతు షేక్ బందగీని కామారెడ్డిగూడెం వద్ద నరికి చంపారు. దొర రెడ్డి, రైతు ముసల్మాను. పాలకుడు ముసల్మాను అయినందువల్ల ఆ రైతుకు దక్కిన రక్షణ ఏదీ లేదు. మతాన్ని బట్టి ఈ చరిత్రను రెండు ముక్కలుగా కోసేవారికి బందగీ సమాధి అడ్డు తగులుతుంది.

మొదటి పథకం: నిజాం ప్రభుత్వానిది

1946 చివర నిజాం ప్రభుత్వం సూర్యాపేట, హుజూర్‌నగర్, జనగామ ప్రాంతాలకు సైన్యాన్ని పంపింది. కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. ఊళ్ళను చుట్టుముట్టడం, సంగపు నాయకులను పట్టుకోవడం, దేశ్‌ముఖులను గడీలలో తిరిగి నిలబెట్టడం, ఇంతవరకే ఆ పథకం. అసలు తగాదా ఏమిటో విచారించే ఆలోచన అందులో లేదు.

150 సంవత్సరాలుగా నిజాం అధికారానికి వెన్నుదన్ను బయటినుంచి వచ్చినదే. 1798, 1800 ఒడంబడికల ప్రకారం సికిందరాబాదులో దిగిన ఇంగ్లీషు పటాలాలు ఆ గద్దెను కాపాడాయి. 1947 ఆగస్టులో ఆ అండ తొలగిపోయింది. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరినా, ప్రధాని మీర్ లాయఖ్ అలీ ప్రభుత్వం ఆయుధాల కోసం విదేశాల వైపు చూసింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుంచి రాత్రివేళ విమానాలలో తుపాకులు చేరవేశాడు. ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వెళ్ళింది. గ్రామాలను మాత్రం ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లకు వదిలివేశారు.

రజాకార్ అనే మాటకు స్వచ్ఛందంగా సేవచేయువాడని అర్థం. ఆ మాట తెలంగాణ పల్లెలో దోపిడికి, గృహదహనానికి పర్యాయపదమై పోయిందంటే, రాజకీయ వివేకం లేని సైనిక పథకం ఒక సమాజపు పేరుప్రతిష్ఠలనే ఎట్లా దగ్ధం చేయగలదో ఊహించవచ్చు. దీనిని ఖండించిన ముస్లిములు లేకపోలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు భారతదేశంతో కలవడమే మేలని ప్రకటన చేశారు. అదే నెలలో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ తన వ్రాతల కోసం ప్రాణాలర్పించాడు.

రెండవ పథకం: దండయాత్ర

భారత సైన్యపు పథకాన్ని మొదట తయారు చేసినది దక్షిణ సైనిక మండలానికి అధిపతిగా ఉండిన ఇంగ్లీషు సేనాని గొడార్డ్. ఆనాడు భారత సర్వసేనాధిపతి కూడా ఇంగ్లీషువాడైన రాయ్ బూచరే. పడమట షోలాపూరు నుంచి ప్రధాన దళము, తూర్పున బెజవాడ నుంచి మరొక దళము ఏకకాలంలో హైదరాబాదు వైపు నడవాలన్నది ఆ పథకం. పశ్చిమ దళానికి మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి, తూర్పు దళానికి మేజర్ జనరల్ ఎ. ఎ. రుద్ర నాయకులు.

సెప్టెంబరు 13 ఉదయమే తూర్పు దళం హైదరాబాదు అశ్విక దళాల సాయుధ శకటాలను ఎదుర్కొంటూ కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాలలో ఉన్నది. 14న సూర్యాపేటపై విమాన దాడులు జరిగిన తరువాత గూర్ఖా పటాలం ఊరిని ఆక్రమించింది. వెనుదిరిగిన హైదరాబాదు సైనికులు మూసీ వంతెనను కూల్చారు గాని, దానిని కాపలా కాయలేదు. వంతెన త్వరలోనే బాగుపడింది. 17న నిజాం యుద్ధ విరమణ ప్రకటించాడు, 18న సేనాని అల్ ఇద్రూస్ లొంగిపోయాడు. ప్రజలను శత్రువులుగా చేసుకున్న ప్రభుత్వం తన సరిహద్దు రహదారిని రెండు రోజులు కూడా నిలుపుకోలేక పోయింది.

దండయాత్రను ఇంత జాగ్రత్తగా ఆలోచించినవారు, ఆ తరువాతి రోజులను గురించి అంత జాగ్రత్తగా ఆలోచించలేదు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిముల ఊచకోత జరిగింది. నెహ్రూ పంపగా 1948 నవంబరు, డిసెంబరులలో పర్యటించిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్లు, మృతుల సంఖ్య సంస్థానమంతటా 27 వేలకు తక్కువ కాదని, 40 వేల వరకు ఉండవచ్చునని అంచనా వేశారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. అది సాధారణ పాఠకులకు అందుబాటులోకి వచ్చినది 2013 ప్రాంతంలోనే. నల్గొండలోనూ ముస్లిములు నష్టపోయారు గాని, ఆ నాలుగు జిల్లాలంతగా కాదు. సంగం బలంగా ఉన్న గ్రామాలలో సామాన్య ముస్లిములకు రక్షణ లభించిందని సుందరయ్య గారు వ్రాశారు. అది ఒక పక్షపు నాయకుని మాట కావచ్చు. అయినా, పేద ముస్లిం, పేద హిందువు ఒకే దొరకు వెట్టి చేసి, ఒకే సంగంలో చేరిన చోట పగ మతాన్ని వెదుక్కుంటూ పోవడం కష్టమన్న మాట తర్కానికి నిలుస్తుంది.

మూడవ పథకం: శిబిరాలు, చట్టాలు

నిజాం లొంగిన తరువాత సైన్యం రజాకార్ల నుంచి కమ్యూనిస్టు దళాలవైపు మళ్ళింది. సైనిక గవర్నరు చౌధురి పాలనలో నల్గొండ, వరంగల్లు జిల్లాల నిండా శిబిరాలు వెలిశాయి. సైన్యం వెంట దేశ్‌ముఖులు గ్రామాలకు తిరిగి వచ్చి, రైతులు పంచుకున్న భూములను మరల అడిగారు. నిజాం కాలపు తప్పు ఇక్కడ మరొకసారి జరిగింది. పోరాటం మానవలెనా, సాగించవలెనా అని కమ్యూనిస్టులలోనే భేదం పుట్టింది. రావి నారాయణరెడ్డి గారు మానవలెనన్నారు. సాగించవలెనన్న వారి దళాలు మైదానపు గ్రామాలను విడిచి నల్లమల, గోదావరి అడవులకు వెళ్ళాయి. అక్కడ అడవి గూడేలను ఖాళీ చేయించి జనాన్ని ఒకచోట చేర్చే పద్ధతి అమలయింది. ఆ కాలంలోనే, 1950లో, మలయాలో ఇంగ్లీషు ప్రభుత్వం బ్రిగ్స్ పథకం క్రింద ఇదే పని మరింత పెద్ద ఎత్తున చేసింది. ఆ బ్రిగ్స్, పూర్వం బర్మా యుద్ధంలో భారతీయ దళాలను నడిపినవాడే. చౌధురి సైనిక విద్య నేర్చినది ఇంగ్లండులోని శాండ్‌హర్స్‌టులో. వలస ప్రభుత్వం పోయినా దాని సైనిక పాఠాలు మిగిలాయి.

మానవ నష్టం తక్కువది కాదు. నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు చనిపోయారని, పదివేల మందికి పైగా నిర్బంధంలో ఉన్నారని సుందరయ్య గారి లెక్క. 12 మంది రైతులకు పడిన ఉరిశిక్షలను తప్పించడానికి డి. ఎన్. ప్రిట్ అనే ఇంగ్లీషు న్యాయవాది వచ్చి వాదించాడు. ఆ ఉరి అమలు కాలేదు.

కాని ఈ మూడవ పథకంలో మొదటి రెండింటిలో లేని ఒక అంశం చేరింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలివ్వగా వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. ఈ చట్టాలు సంపూర్ణంగా అమలు కాలేదు, భూదానంలో వచ్చిన భూమి యావత్తు పేదలకు చేరలేదు. అయినా రైతు అడుగుతున్నది న్యాయమేనని రాజ్యం మొదటిసారి ఒప్పుకొన్నది.

రెండవ పక్షం వారి పథకం కూడా విదేశం వరకు వెళ్ళింది. 1951 ఆరంభంలో డాంగే, అజయ్ ఘోష్, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య గార్లు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిశారు. చైనా యోధులకు వెనుక మిత్రదేశపు సరిహద్దు ఉన్నట్లు తెలంగాణకు లేదన్నది అక్కడ విన్న ముఖ్యమైన మాట. ఆ సంవత్సరం అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది.

ఫలితము

కరాచీ విమానాలు, ఇంగ్లీషు సేనాని పటాలు, మాస్కో సలహా, ఇవేవీ నల్గొండ తీర్పును నిర్ణయించలేదు. ఆ తీర్పు 1952 సాధారణ ఎన్నికలలో వెలువడింది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధ ముండగా ప్రజాస్వామ్య ఫ్రంటు పేర పోటీచేసిన రావి నారాయణరెడ్డి గారికి నల్గొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూకు వచ్చిన వాటికన్న ఎక్కువ ఓట్లు వచ్చాయి. అదే సంవత్సరం ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ హుజూర్‌నగర్ ఉపఎన్నికలో శాసనసభకు ఎన్నికయ్యాడు. రజాకార్లను చూసి నాలుగేండ్లు కూడా గడవని తెలుగు రైతులు, కోదాడ ప్రక్క తాలూకాలో, ఒక ముస్లింను తమ ప్రతినిధిగా ఎన్నుకొన్నారు. సంస్థానంలోని హిందూ ముస్లిం సంబంధాలను గురించి ఎన్ని సిద్ధాంతాలు వ్రాసినా, ఈ ఒక్క సంఘటనకు చోటివ్వని సిద్ధాంతం అసంపూర్ణమే.

1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో ఎడమ కాలువకు నీళ్ళు వదిలారు. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరి పొలాలతో, బియ్యపు మిల్లులతో నిండాయి. సైన్యం నడిచిన బెజవాడ దారి నేడు జాతీయ రహదారి. దానిమీద సూర్యాపేట దాటే ప్రయాణికునికి మూసీ వంతెన కూలిన సంగతి గుర్తుకు రాదు.

బలంతో అణచిన అసంతృప్తికి కారణం మిగిలి ఉంటే, అణచినవాడే దానికి వారసుడవుతాడు. నిజాం ప్రభుత్వం ఈ సంగతి గ్రహించక నశించింది, తరువాతి ప్రభుత్వం ఆలస్యంగా, సగమే గ్రహించింది. ముస్లిం పాఠకులకు ఇందులో ఒక ప్రత్యేకమైన పాఠమున్నది. తన పేరుతో అన్యాయం జరుగుతున్నప్పుడు మౌనం వహించిన సమాజం, ఆ అన్యాయపు వెలను తానే చెల్లించవలసి వస్తుంది. 1948లో ఆ వెల చెల్లించినవారిలో అత్యధికులు రజాకార్లు కారు, జాగీర్దార్లూ కారు. వారు నేతగాళ్ళు, కూలీలు, చిన్న రైతులు. వారి చరిత్రను బందగీ, షోయబుల్లా చరిత్రలతో కలిపి వ్రాయవలసిన బాధ్యత ఉర్దూ, తెలుగు రెండూ తెలిసినవారిపై ఉన్నది.