లిండా బ్రెంట్ స్వీయచరిత్ర – కర్తృత్వ విచారము

1861వ సంవత్సరారంభమున అమెరికాలోని బోస్టన్ నగరమునందు 'ఒక బానిసపిల్ల జీవితమునందలి ఘట్టములు' అను నర్థము గల పేరుతో నొక గ్రంథము వెలువడినది. ముఖపత్రమున గ్రంథకర్త్రి పేరు లేదు. 'స్వయముగా వ్రాసినది' అను మాటయు, ఎల్. మరియా చైల్డ్ పరిష్కర్త్రి యను మాటయు మాత్రము కలవు. కథ చెప్పు స్త్రీ తన్ను లిండా బ్రెంట్ అని పేర్కొనినది. ఆనాటి బానిసత్వ నిర్మూలనవాదులలో ఆమె నెఱిగినవారు లేకపోలేదు. కాని ఆ తరము గతించిన పిదప ఆ యెఱుక మఱుగుపడెను. ఈ గ్రంథమును వ్రాసినది హారియట్ జేకబ్స్ అను ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీయే యని సప్రమాణముగా నిరూపితమగుటకు 1981 వఱకు ఆగవలసి వచ్చినది.

కర్తృత్వ వివాదములు సాహిత్య విద్యార్థులకు క్రొత్తవి కావు. ఒక కావ్యము ఒక కవిది కాక మఱియొకనిదని తేలినను కావ్యమునకు కలుగు హాని స్వల్పము. ఇచ్చట స్థితి వేఱు. ఈ గ్రంథము సాక్ష్యము. యజమానుని కామమునకు గుఱియైన బానిసస్త్రీ తన నోట తాను చెప్పిన సాక్ష్యము. అది చైల్డ్ కల్పన యైనచో చరిత్రకారునకు పనికిరాదు.

జేకబ్స్ నార్త్ కరొలైనా రాష్ట్రమున ఈడెంటన్ పట్టణమున 1813 ప్రాంతమున బానిసగా జన్మించినది. తొలి యజమానురాలు ఆమెకు చదువును, కుట్టుపనిని నేర్పినది. 1825లో ఆ యజమానురాలు మరణించుచు జేకబ్స్‌ను తన మేనకోడలగు మూడేండ్ల శిశువునకు ఆస్తిగా వ్రాసియిచ్చెను. చదువు చెప్పిన చేతులే ఈ పనియు చేసినవి! శిశువు తండ్రి జేమ్స్ నార్కం అను వైద్యుడు. అతని వేధింపులు నానాటికి మితిమీరెను. 1835లో జేకబ్స్ పాఱిపోయినది. ఆమెను పట్టి తెచ్చినవారికి నూఱు డాలర్ల బహుమతి యిత్తునని నార్కం పత్రికలో ప్రకటించెను. ఆమె కొలదికాలము ఇతరుల యిండ్ల దాగి, తరువాత స్వాతంత్ర్యము పొందియున్న తన అమ్మమ్మ యింటి కప్పు క్రింది యిఱుకు చోటికి చేరినది. దాని పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఏడు, ఎత్తు అత్యధికమైన చోట మూడడుగులు. నిలుచుటకు వీలులేదు. బరమాతో కన్నములు చేసికొని, వీథిలో తిరుగు తన బిడ్డల నిద్దఱిని చూచుచు, ఇంచుమించు ఏడేండ్లచ్చట గడపినది. అంతేకాదు, తాను ఉత్తరదేశమున నున్నట్లు నార్కంను నమ్మించుటకై లేఖలు వ్రాసి, అవి న్యూయార్క్ నుండి టపాలో వచ్చునట్లు చేసినది. 1842లో ఓడమీద తప్పించుకొని ఫిలడెల్ఫియా చేరినది.

1852లో న్యూయార్క్‌లో ఆమెను దాదిగా నియమించుకొన్న విల్లిస్ కుటుంబపు గృహిణి 300 డాలర్లిచ్చి ఆమె స్వాతంత్ర్యమును కొన్నది. తన్నొక సరకువలె కొనుట జేకబ్స్‌కు సమ్మతము కాదు. కృతజ్ఞతయు, అవమానమును ఆమె గ్రంథమున ఒక్కచోటనే కానవచ్చును. మఱుసటి యేట ఆమె వృత్తాంతము హారియట్ బీచర్ స్టోవ్ దృష్టికి తేబడినది. స్టోవ్ దానిని తన గ్రంథమున చేర్చుకొందు ననుటయే కాక, ఆ వృత్తాంతము నిజమా యని విల్లిస్ గృహిణి నడిగినది. తాను దాచుకొన్న విషయము అట్లు బయటపడుటకు జేకబ్స్ నొచ్చుకొని, తన కథను తానే వ్రాయ నిశ్చయించెను. పగలు పిల్లలను సాకుచు, రాత్రులందు వ్రాసి, 1858 నాటికి ముగించినది.

తరువాతి పండితుల సంశయములకు ఆధారము లేకపోలేదు. పేర్లన్నియు మాఱుపేర్లు. శైలి ఆనాటి స్త్రీల నవలల శైలికి సన్నిహితము. చైల్డ్ స్వయముగా నవలాకర్త్రి. 1972లో జాన్ బ్లాసింగేమ్ ఈ గ్రంథమున సన్నివేశములు నాటకీయములనియు, కూర్పు మితిమీరి చక్కగా నున్నదనియు చెప్పి, దీనిని విశ్వసనీయము కాదని త్రోసివేసెను. బానిసల సాక్ష్యములకు చరిత్రలో స్థానము కల్పించినవారిలో అగ్రగణ్యుడే ఇట్లు నిర్ణయించుట గమనింపదగినది. చక్కగా వ్రాయుటయే బానిసస్త్రీ విషయమున దోషమైనది. ఈ ప్రమాణము సరియైనది కాదని మా యభిప్రాయము.

జీన్ ఫేగన్ యెల్లిన్ తొలుత పూర్వపక్షమునే అంగీకరించినది. తరువాత గ్రంథమును మరల చదివి, ఆధారములను వెదకెను. జేకబ్స్ తన స్నేహితురాలగు ఎమీ పోస్ట్‌కు వ్రాసిన లేఖలు రోచెస్టర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నుండెను. గ్రంథరచన సాగుచున్న తీరు వానిలో కలదు. అక్షరక్రమము, విరామచిహ్నములు సరిగా లేకున్నను, వాక్యగతి గ్రంథమునందలి వాక్యగతియే. నార్కం కుటుంబ పత్రములు, ఆ 1835 నాటి ప్రకటన మాఱుపేర్ల వెనుకనున్న మనుష్యులను పట్టియిచ్చినవి. 1981లో వ్యాసముగను, 1987లో హార్వర్డ్ ప్రకటించిన సపరిష్కార ముద్రణముగను ఈ నిరూపణము వెలువడినది.

ఇక చైల్డ్ హస్త మెంత? 1860 ఆగస్టులో ఆమె జేకబ్స్‌కు వ్రాసిన లేఖ దీనికి కొంత సమాధానము చెప్పుచున్నది. భాషను మార్చవలసిన పని అంతగా కలుగలేదనియు, విషయమును క్రమమున పెట్టితిననియు అందు వ్రాసినది. నాట్ టర్నర్ తిరుగుబాటు పిదప నీగ్రోలపై జరిగిన దౌర్జన్యములను ఇంకను వివరింపుమని కోరినది. జాన్ బ్రౌన్‌ను గూర్చిన చివరి ప్రకరణమును విడిచి, అమ్మమ్మ మరణముతో ముగించుట మేలని సూచించినది. అచ్చుపుస్తకము అమ్మమ్మ స్మరణతోనే ముగియుచున్నది. వాక్యములు జేకబ్స్‌వే, కాని ముగింపు ఎవ్వరి రుచి ననుసరించినదో పాఠకులే యూహింపవచ్చును.

ఈ విషయమున నిప్పుడొక క్రొత్త సాధనము లభించినది. ఆమె సోదరుడు జాన్ జేకబ్స్ కూడ తన కథను వ్రాసెను. 1861లో లండన్ పత్రికలో వెలువడినది దాని సంక్షిప్త రూపము. 1855లోనే ఆస్ట్రేలియాలోని సిడ్నీ పత్రికలో ప్రకటితమైన పూర్ణపాఠము 2024లో గ్రంథరూపమున పునర్ముద్రితమైనది. అందు చట్టములను, చట్టసభలను సూటిగా నిందించు ధోరణి కలదు. ఒకే యింట పెరిగి బానిసత్వము నుండి తప్పించుకొన్న అక్కాతమ్ముల పాఠములను ప్రక్కప్రక్కన నుంచి చదువుచో, అక్క గ్రంథమున ఆమె తానై తగ్గించి చెప్పిన దేదో, పరిష్కర్త్రి తగ్గింపజేసిన దేదో కొంతవఱకు వేఱుపఱుప వీలగును.