గడి చాలని లెక్క

పట్వారీ దఫ్తరములో జమ పద్దు బాకీ పద్దుగా మారినచో రైతు గతి యేమగునో నల్లగొండ, పాలమూరు సీమల పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. 1984లో వంశపారంపర్యపు పటేలు, పట్వారీ పదవులు రద్దయినవి. పిమ్మట భూముల లెక్కలు కంప్యూటరునకు చేరినవి. యంత్రమునను జమ బాకీగా మారిన వృత్తాంత మొకటి కలదు. అది మన జిల్లాలది కాదు.

లోకమున ననేక కంప్యూటర్లలో దస్త్రములకు కావలి కాయునది లినక్సు కెర్నెలు. 2014లో దాని దస్త్రవిభాగమున నొక మార్పు చేసిరి. అందు నిడివిని పెద్ద గడిలో లెక్కించి, పిదప చిన్న గడిలోనికి దింపుట జరిగెను. ఆ చిన్న గడిలో 2147483647 వరకే పట్టును. ఒకటి హెచ్చినచో ఋణసంఖ్య యగును. పట్వారీయైనను గడి చాలనప్పుడు కలమాపును. సి భాషలో వ్రాసిన యంత్రము ఆపలేదు.

ఫోల్డరులో ఫోల్డరుగా సుమారు పది లక్షలు పేర్చి, వాని త్రోవ పేరును నూరు కోట్ల యక్షరములు దాటించిన, కెర్నెలు తన హద్దు విడిచి, రెండువందల కోట్లకు పైబడిన యరలు వెనుకకు పోయి పది యరలలో వ్రాసివేయును. పదియే! కాని యవి పరుల పొలమున పాతిన హద్దురాళ్లు. వాని యాసరాతో సామాన్యుడు సర్వాధికారి కాగలడు.

ఏడేండ్ల పిదప క్వాలిస్ సంస్థవారు దీనిని కనుగొని, సెకోయా యని పేరిడి, 2021 జూలై 20న వెల్లడించిరి. దిద్దుబాటు కొద్ది పంక్తులే: మితిమీరిన చోటు నడిగినచో ఇయ్యవలదనుట.